పెద్దమ్మకి సరోజగారు ఏమవుతారు?

మా చిన్నప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు వరస తేల్చాల్సిందే... నరసాపురంలో మా వీధి అలాంటిది. పాలు పోసే ఆవిడ పిన్ని, కరెంటు బిల్లు తెచ్చే ఆయన బాబాయ్. పేరు పెట్టి పిలిచామా, అమ్మ గుడ్లురిమేది.

అమ్మకి అక్క వరసయ్యే ఆవిడ మా ఎదురింట్లో ఉండేది. నాకు పెద్దమ్మ. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడతోపాటు సరోజగారు... ఒకే ఇల్లు, ఒకే వంట, సాయంత్రాలు ఒకే చాప మీద లేసు అల్లిక. సరోజగారికి దగ్గొస్తే పెద్దమ్మ మిరియాల పాలు కాచి తెచ్చేది.

ఓ సాయంత్రం మా అరుగు మీద పెద్దమ్మా సరోజగారూ, లేసు అల్లే ఆడవాళ్ళంతా ఉండగా అడిగాను. "అమ్మా, సరోజగారిని ఏమని పిలవాలే?"

"ఏదో ఒకటి పిలువు."

అదేం జవాబు? పెద్దమ్మతో కాపురం ఉండేవాళ్ళని ఏమంటారో నాకు తెలియదా ఏంటి! "పెదనాన్నా!" అని గట్టిగా పిలిచేశాను.

అందరూ విరగబడి నవ్వారు. "ఒసేయ్, పిల్ల సరిగ్గానే పట్టేసిందే!" అందొకావిడ. "మరి మీసాలేవమ్మా పెదనాన్నగారికి?" అంది ఇంకొకావిడ.

పెద్దమ్మా సరోజగారూ నవ్వలేదు. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి లోపలికి లాక్కుపోయింది. ఎందుకో చెప్పలేదు... మర్నాటి నుంచి వాళ్ళిద్దరూ తలుపు దగ్గరేసుకుని ఇంట్లోనే అల్లుకునేవారు.

రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు మాటలు దొరికాయి. హాస్టల్లో ఇద్దరమ్మాయిలు చేతులు పట్టుకుంటే చాలు, "లెస్బియన్లే వీళ్ళు" అని వెనక కిసకిసలు. పేపరు తిరగేస్తే "స్వలింగ సంపర్కులు"... సంపర్కమట! ఏ మొగుడూపెళ్ళాల్నైనా అలా పరిచయం చేస్తారా? ఈ మధ్య కొందరు "స్వలింగ ప్రేమికులు" అంటున్నారు. కాస్త నయం... అయినా వంటింట్లో అమ్మ ముందు అనగలనా? తోడికోడలికీ, తోడల్లుడికీ, వియ్యపురాలికీ పేర్లున్న భాషండీ మనది!

కిందటి నెల పెద్దమ్మకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో ఐసీయూ తలుపు దగ్గర నర్సు సరోజగారిని ఆపేసింది.

"పేషెంటుకి మీరేమవుతారండి?"

"ఒకే ఇంట్లో ఉంటామమ్మా..." అన్నారు సరోజగారు.

"అద్దెకాండి? సొంతవాళ్ళనే పంపుతామండి."

పక్కనే ఉన్నాను. చదువుకున్న మాటలన్నీ నాలిక మీదికొచ్చాయి. ఏదన్నా సరే, ఆ వరండాలో జనమంతా ఆవిడ వంకే గుచ్చి గుచ్చి చూస్తారు...

అంతలో అమ్మ ముందుకొచ్చింది. "చెల్లెలండి. సొంత చెల్లెలు."

తలుపు తీశారు. సరోజగారు తలొంచుకుని లోపలికెళ్ళారు.

అమ్మ మంచిపనే చేసింది, తెలుసు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషి దగ్గరికి వెళ్ళడానికి ఆవిడ ఇంకెవరో కావాల్సి వచ్చింది...

పెద్దమ్మ ఇంటికొచ్చేసింది. వచ్చే వారం మళ్ళీ చూపించాలి. మళ్ళీ అదే ప్రశ్న.

మా వీధిలో అరుగులు పోయి గ్రిల్స్ వచ్చాయి. ఫోన్ల నిండా కొత్త మాటలొచ్చాయి... సరోజగారికి పనికొచ్చే మాట మాత్రం ఇంకా రాలేదు. మీ ఊళ్ళో ఇలాంటి ఇద్దర్ని ఏమనేవారండీ? తిట్టు కానిది, వెక్కిరింత కానిది, ఆవిడ ఆ నర్సు ముందు తలెత్తి చెప్పగలిగేది... ఒక్కటుంటే కింద రాయండి.