తాళం పడిన పెళ్లి ఫోటోలు

మూఢం వచ్చిందంటే మా ఫోటో స్టూడియోలో ఈగలు తోలుకోవడమే పని. లగ్గాలు లేని నెలలో నకిరేకల్‌లో ఫోటోగ్రాఫర్ ముఖం చూసేదెవరు? మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల ఆట ఆడుతుంటాడు. మీసాలు నెరిసినా ఆ పిచ్చి పోలేదు.

ఆ ఏడు కొత్త ఆట ఒకటి వచ్చింది. కొనడానికి ఆయనకు మనసొప్పలేదు. దాన్ని తెరిచే లైసెన్స్ కీ ఊరికే ఇస్తామని ఎవరో ఒక వీడియో కింద లింకు పెట్టారట. దించుకోబోతే, ఇందులో వైరస్ ఉందని కంప్యూటర్ మొత్తుకుంది. ముందు యాంటీవైరస్ ఆపేస్తేనే కీ పనిచేస్తుందని అక్కడ రాసి ఉంది. ఆపేశాడు మహానుభావుడు! ఊరికే వస్తే ఫినాయిల్ అయినా తాగేవాళ్లుంటారంటారు. నేను అలాంటాయనతోనే కాపురం చేస్తున్నాను.

ఆట తెరుచుకోలేదు. అన్నం తిని వచ్చేసరికి ఏ ఫోటో నొక్కినా అదీ తెరుచుకోవడం లేదు. మీ ఫైళ్లకు తాళం వేశాం, డబ్బు పంపితే తీస్తాం అని తెర మీద ఎర్రటి అక్షరాలు. నకళ్లు దాచే హార్డ్ డిస్క్‌ను ఎప్పుడూ ఆ కంప్యూటర్‌కే తగిలించి ఉంచేవాడు, అదీ పోయింది. మెమరీ కార్డులను చెరిపేసి వేరే లగ్గాలకు వాడేశాం. హైదరాబాద్‌లో చూపిస్తే, డబ్బు పంపినా తీస్తారన్న నమ్మకం లేదన్నారు.

"ఏందయ్యా గిది? ఊరోళ్ల పెండ్లిళ్లన్నీ నీ ఆటకు బలి పెట్టినవా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను.

చాలామందికి ఆల్బములు ముందే ఇచ్చేశాం. ఒక్క ఇంటివి మిగిలాయి. ఆల్బం చేయాలంటే ఇంటివాళ్లు వచ్చి ఫోటోలు ఏరుకోవాలి. కూతురి పెళ్లి చేసిన ఆ దంపతులు, పత్తి ఏరుడు అయినంక వస్తామని చెప్పి పోయారు. పత్తి ఇంకా చేన్ల మీద ఉండగానే ఆ ఇంటాయన గుండె ఆగి చనిపోయాడు.

దినాలకు పటం కట్టించుకుందామని ఆయన భార్య వచ్చింది.

"పెండ్లిల తలకు రుమాలు చుట్టుకొని నవ్విండు సూడు బిడ్డా, గదే పెద్దగ చెయ్యుండ్రి. ఆధార్ కార్డుల దొంగోని లెక్క ఉన్నడు" అంది.

జరిగింది నేనే చెప్పాను.

"అయితే పోయినయా?"

"పోలే పెద్దమ్మా. గీ డబ్బలనే ఉన్నయి. తాళం పడ్డది, తీయనీకి వస్తలేదు" అని కంప్యూటర్ డబ్బాను చూపించాను.

ఆధార్ ఫోటోనే పెద్దది చేసి పటం కట్టిచ్చాం. ఆమె ఏడవలేదు. కొంగుతో అద్దం తుడుచుకుని తీసుకుపోయింది. ఏడుపు నాకే ఆగలేదు.

కొన్నాళ్లకు కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నాం. పాతదాన్ని పాత సామాన్లవాడికి వేద్దామని మా ఆయన గడప బయట పెట్టాడు. ఆ రోజు వారపు అంగడి. కూరగాయలకు వచ్చిన ఆ పెద్దమ్మ ఆ డబ్బాను గుర్తుపట్టి ఆగిపోయింది.

"గిది పారేస్తున్నరా బిడ్డా?"

"ఖరాబైంది పెద్దమ్మా" అన్నాడు మా ఆయన.

"ఆయన అండ్లనే ఉన్నడంటిరి గద. మీకు జాగ లేకుంటే నాకియ్యుండ్రి. ఇంట్ల పెట్టుకుంట."

మా ఆయన దాన్ని ఎత్తుకుని ఆటో దాకా మోశాడు. కింద పెట్టబోతే వద్దంది. ఒళ్లో పెట్టించుకుని, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.