గంగాధరప్ప బావిలో ఎలుగుబంటి

గౌస్‌బీ ఎడమ చెంప మీద కంటి కొస నుంచి దవడ దాకా నాలుగు గాట్లున్నాయి. పదకొండేళ్ల కింద బెళుగుప్ప దగ్గరి కొండలో సీతాఫలాలు కోసుకుంటూ, ఒంటరిగా, చప్పుడు లేకుండా ఒక పెద్ద బండరాయి మలుపు తిరిగింది. అవతల పిల్లతో ఎలుగుబంటి. భయంతో పరుగు పెట్టింది. పది అడుగులు పోకముందే అది మీద పడింది. చివరికి బోర్లా పడుకొని, మెడ వెనక చేతులు పెనవేసి కదలకుండా ఉండిపోతే వదిలిపెట్టి వెళ్లింది. అనంతపురం ఆసుపత్రిలో నెల రోజులుంది.

మరుసటి ఏడు పండ్ల కాలం రాగానే మళ్లీ గంప ఎత్తుకుంది. భర్త బాషా వద్దన్నాడు.

"కొండ మానుకుంటే ఏం తినాల? ఈ తూరి ఒంటిగా పోనులే" అంది.

తొమ్మిది మంది ఆడవాళ్లను కూడగట్టింది. పొద్దు బాగా ఎక్కినాకే కొండెక్కించేది. దారి పొడవునా గట్టిగా మాట్లాడిస్తూ, కట్టెలతో బండల మీద కొట్టిస్తూ నడిపించేది. మనిషి వస్తున్నట్టు ముందే తెలిస్తే ఎలుగు తానే తప్పుకుంటుందని ఆమె నమ్మకం. పదేళ్లలో ఆమె వెంట పోయిన వాళ్లలో ఒక్కరికీ గోటి గాటు పడలేదు. అయినా ఊళ్లో మగవాళ్లకు ఆమె అరుపుల గౌస్‌బీ, అంతే.

మొన్నటి కార్తీకంలో ఒక ఉదయం ఆ అరుపు ఊరందరికీ కావలసి వచ్చింది.

శెనక్కాయల కోసం చేలో దిగిన ఎలుగుబంటి, వీపు మీద పిల్లతో సహా, ఆ చేని రైతు గంగాధరప్ప పాడుబావిలో పడింది. నీళ్లు లేని బావి, మూడు నిలువుల లోతు. తెల్లారిన అరగంటకే రెండు వందల మంది చేరారు. గట్టు మీద నిలబడి రాళ్లు వేసేవాళ్లు వేస్తున్నారు. తిప్పేష్ అనే కుర్రవాడు సెల్‌ఫోన్ పట్టుకొని నడుము దాకా లోపలికి వంగాడు. లోపల తల్లి గర్జిస్తూ గోడను గోళ్లతో గీరుతోంది.

గంప పట్టుకొని వచ్చిన గౌస్‌బీ నేరుగా వెళ్లి తిప్పేష్ చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"ఏమప్పా, జారితే యాడ పడతావో చూసుకున్న్యావా?"

గుంపులో నుంచి ఎవరో అరిచారు: "నీ మొగం చెడగొట్టింది ఈ జాతే గదా! దాని తరపున మాట్లాడతాండావా?"

ఆమె అటు తిరిగింది. గాట్లున్న చెంప అందరికీ కనిపించింది.

"దాని తరపున కాదు, మీ తరపున మాట్లాడతాండా. రాళ్లేసి దానికి పిచ్చి పుట్టిస్తాండారు. అది పైకొచ్చినాక సుట్టూ మనుషులే ఉంటే ఎవురి మింద పడతాదో నాకు తెలుసు. మీకు తెలీదు."

రాళ్లు ఆగాయి. గంగాధరప్ప ముందుకొచ్చాడు. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేశాననీ, రావడానికి రెండు గంటలు పడుతుందనీ చెప్పాడు.

"మరి ఏం చేద్దాం, గౌసక్కా?"

పదేళ్లలో అతను ఆమెను సలహా అడగడం అదే మొదటిసారి.

"కొండ దిక్కు మొత్తం కాళీ చేయల్ల, అన్నా. ఆ పక్క ఒక్క మనిషి, ఒక్క కుక్క ఉండగూడదు. దాని దావ దానికి ఇడిచిపెట్టాల. మనమంతా ఊరి దిక్కు, దూరంగా."

ఆ రెండు గంటలూ ఆమె గొంతు ఆగలేదు. కొండ ఎక్కే ఆడవాళ్లు తొమ్మిది మందినీ చేను పొడవునా నిలబెట్టింది. పిల్లలను ఇళ్లకు తరిమింది. కుక్కలను కట్టేయించింది. దొంగచాటుగా బావి దగ్గరికి వచ్చిన వాళ్లను పేరు పెట్టి పిలిచి మరీ వెనక్కి పంపింది.

ఫారెస్టు గార్డు జీపు దిగి చూసి ఆగిపోయాడు. బావి చుట్టూ ఖాళీ. బావి నుంచి కొండ దాకా ఖాళీ.

"జనాన్ని ఎవరమ్మా జరిపింది? మేం వస్తే సగం పని అదే ఉంటాది."

రెండు వెదురు నిచ్చెనలు జోడించి కట్టారు. గార్డు, అతని మనుషులు వాటిని బావిలోకి వాల్చి, పరుగున వచ్చి జీపు ఎక్కారు. ఊరు ఊరంతా ట్రాక్టర్ల వెనక, మిద్దెల మీద ఊపిరి బిగబట్టింది.

చాలాసేపు ఏమీ కదల్లేదు. ఎవరో దగ్గబోతే గౌస్‌బీ వేలెత్తింది. అప్పుడు నిచ్చెన ఊగింది. నల్లటి తల, తెల్లటి మూతి, ఆ వెనక వీపును కరుచుకున్న పిల్ల. తల్లి గట్టెక్కి ఒళ్లు దులుపుకుంది. జనం వైపు చూసింది. గౌస్‌బీ అడుగు కదపలేదు. ఎలుగుబంటి మూతి తిప్పి గాలి వాసన చూసింది. ఖాళీగా ఉన్న దారి పట్టింది. చేను దాటింది, వంక దాటింది, బండల మధ్యకు ఎక్కిపోయింది.

ఇక జనాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఈలలు, కేకలు, చప్పట్లు. ఆడవాళ్లు గౌస్‌బీని చుట్టుముట్టి ఎత్తినంత పని చేశారు. తిప్పేష్ తన వీడియో అందరికీ చూపిస్తూ, "సూడండి, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు, దానికీ తగల్లేదు!" అని తానే చేసినట్టు చెప్పుకుంటున్నాడు. గార్డు ఆమె దగ్గరికి వచ్చి, పక్క ఊళ్లలో కూడా ఇట్లే చెప్పాలి, వస్తావా అమ్మా అని అడిగాడు.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. గంగాధరప్ప భార్య తిమ్మమ్మ చెంబు నిండా మజ్జిగ తెచ్చిచ్చింది. గౌస్‌బీ చేను గట్టు మీద కూర్చొని, మజ్జిగ గటగటా తాగి, మూతి తుడుచుకొని, గార్డు వైపు చూసి నవ్వుతూ రెండుసార్లు తల ఊపింది.