రాణి కళ్ళు సన్నబడిన ఉదయం

ఆ ఉదయం వంటింటి పక్క గదిలో ఉన్నవి ఇవి: నేను, పొరుగింటి నసీమా ఆపా, మా మేనత్త పెంచిన పిల్లి రాణి, ఒక టార్చి, ఇన్సులిన్ సీసా, సిరంజీ, ఖాళీ స్టూలు. మూడో మనిషి లేరు. ఈ మాట మళ్ళీ మళ్ళీ చెబుతాను. దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. జహీరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలతలు సరిచూడటం నా ఉద్యోగం.

రాణికి పదమూడేళ్ళు. అత్తకూ దానికీ ఇద్దరికీ షుగరే. పోయిన ఏడాది అది గోడలకు గుద్దుకోవడం మొదలుపెడితే పశువుల దవాఖానకు తీసుకెళ్ళాం. బీపీ పెరిగి కంటి వెనక పొర ఊడిపోయిందని డాక్టర్ చెప్పారు. చూపు ఇక రాదు. షుగర్, బీపీ అదుపులో పెట్టి, ఇంట్లో సామాను కదపకుండా ఉంచడమే మనం చేయగలిగింది అన్నారు. అప్పటినుంచి దాని కంటిపాపలు నల్ల గుండీల్లా విచ్చుకునే ఉండేవి. రోజూ టార్చి వేసి చూసేవాణ్ణి. ఎన్నడూ కదలలేదు.

రెండు పూటలా అత్త ఆ స్టూలు మీద కూర్చుని ముందు రాణికి, తర్వాత తనకు సూది వేసుకునేది. ఒక పొద్దున అత్త లేవలేదు. నిద్రలోనే పోయింది. గుండెపోటు అన్నారు. సొంతూరు రాయికోడ్ తీసుకెళ్ళి దహనం చేశాం. సూది పని నాకు వచ్చింది.

నెల తిరక్కుండా పిల్లి మందు అయిపోయింది. ఇద్దరిదీ ఒకటే మందు కదా అని ఫ్రిజ్‌లోని అత్త డబ్బా తెరిచాను. ఆమె చివరిసారి తెచ్చుకున్న సీసా, ఎర్ర టోపీ సిరంజీల ప్యాకెట్ ఉన్నాయి.

రాణి తిన్నాక ఆపా దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"సూది చూస్తే మా ఆయన బజారు దాకా ఉరుకుతడు. గీ పిల్లే నయం, కిక్కురుమనది."

"జర తల పట్టుకో ఆపా," అంటూ రెండు యూనిట్లు లాగాను.

రాణి వంటింటి గుమ్మం వైపు తిరిగింది. కంటిపాపలు దారంలా సన్నబడ్డాయి. నడిచే మనిషిని చూస్తున్నట్టు తల మెల్లగా గుమ్మం నుంచి స్టూలు దాకా కదిలింది. ఆపా చాపిన కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఎవరొచ్చిన్రు?" అంది.

"ఎవరూ రాలే."

"మరి నేనెందుకు జరిగిన?"

రాణి చూపు స్టూలు దగ్గర ఆగి, నా మోకాలి పక్కనున్న సీసా మీదికి దిగింది. అక్కడే నిలిచిపోయింది. సీసా తిప్పి చూశాను. మేమెప్పుడూ వాడే మందు మీద 40 అని, అంటే మిల్లీలీటరుకు నలభై యూనిట్లని, ఉంటుంది. దీని మీద 100 అని ఉంది. మా ఎర్ర టోపీ సిరంజీ నలభై మందుకు కొలిచినది. దాంతో వంద మందు లాగితే గీత రెండు చూపిస్తుంది, ఒంట్లోకి ఐదు పోతుంది. షుగర్ పడిపోయి ముసలి ప్రాణం నిద్రలోనే పోవడానికి అది చాలు.

మందు పారబోశాను. టార్చి వేశాను. కంటిపాపలు మళ్ళీ గుండీల్లా ఉన్నాయి, కదలలేదు. ఆ వారమే డాక్టర్ మళ్ళీ చూసి చూపు లేదనే చెప్పారు. భయపడితే పిల్లి కంటిపాపలు పెద్దవవుతాయి గాని సన్నబడవు. కిటికీ మూసే ఉంది.

తర్వాత అత్త ప్యాకెట్ చూశాను. సీసాతో పాటు, పోయే ముందు సాయంత్రమే మెడికల్ షాపులో తెచ్చుకున్నది. కొత్త ప్యాకెట్‌లో పది సిరంజీలుంటాయి. నేను తీసింది ఒకటి.

లోపల ఎనిమిది ఉన్నాయి.