తెరవని సొరుగు

తాళాలాయనకు ముక్కు మీదే కోపం. తాళంచెవి పోగొట్టుకుని ఎవరు పిలిచినా తిట్టుకుంటూనే వెళ్ళి, చిటికెలో తాళం తీసేవాడు. తీశాక తలుపు మాత్రం తోసేవాడు కాదు. గుమ్మానికి వీపు పెట్టి నిలబడి, "మీ ఇల్లు, మీరే తెరుచుకోండి" అనేవాడు.

"దేవుడంటే భయం లేనివాడివి, నువ్వు దొంగవైతే మా గతేంటయ్యా?" అని జనం ఆటపట్టిస్తే, "ఏడ్చినట్టుంది" అని విసుక్కునేవాడు.

నిజంగానే ఆయనకు దేవుడి మీద బొత్తిగా నమ్మకం లేదు. భార్య పోయినప్పుడు బావమరిది ఓదార్చబోయి, అక్క పైనుంచి చూస్తూనే ఉంటుందన్నాడు. "పైన ఎవరూ లేరు, ఊరుకోవయ్యా" అని కసిరాడు.

బీరువాలో ఆవిడ సొరుగు ఒకటి ఉంది. పెళ్ళైన కొత్తలోనే దానికి తాళం వేసుకుంది. అందులో ఏముందో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. ఆసుపత్రి హడావుడిలో తాళంచెవి ఎక్కడో పడిపోయింది.

ఏడాది తిరిగాక కూతురు వచ్చింది. "ఊళ్ళో తాళాలన్నీ తీస్తావు, ఇదొక్కటి తీయవేం నాన్నా? అమ్మ చూస్తుందనా?"

"చూడదమ్మా. మీ అమ్మ ఇంక ఎక్కడా లేదు."

"మరి ఎవరికి భయం?"

ఆయన సొరుగు తాళాన్ని వేలితో తడిమాడు. "ఇప్పుడు తీశాననుకో, ఇన్నేళ్ళూ మీ అమ్మ చూస్తుందన్న భయంతోనే ఊరుకున్నానని తేలిపోతుంది" అన్నాడు.

ఆయన నూనె డబ్బా తెచ్చి, తుప్పు పట్టకుండా ఆ తాళంలో రెండు చుక్కలు వేశాడు. తర్వాత అలవాటు ప్రకారం దానికి వీపు పెట్టి కూర్చుని, మొహం చేతుల్లో దాచుకున్నాడు.