బాక్టీరియాకు చీవాట్లు

మా ఆయనకు ఒకటే జబ్బు. తిట్టడం. మనుషుల్ని కాదు, బాక్టీరియాను.

ఆయన ఉద్యోగం గడ్డి నుంచి ఇంధనం తీసే ల్యాబులో. గడ్డిని చక్కెరగా విరగ్గొట్టే ఎంజైమును బాక్టీరియా చేత చేయిస్తారు. ఆ చక్కెరను పులియబెడితే ఇంధనం. చిక్కల్లా ఎంజైము వేడికి ఆగకపోవడమే. ఈయన బాక్టీరియా జన్యువులో మార్పులు చేసి, ఎంజైమును రాటుదేల్చే పనిలో ఉండేవారు. మధ్యలో ఏం చెడినా మొట్టికాయలు బాక్టీరియాకే.

"తిండికి తిమ్మరాజులు, పనికి పోతురాజులు! పెట్టిందంతా మింగి గుడ్లప్పగించి కూర్చున్నాయా? తరిమెయ్!" అని ఓరోజు ఫోనులో కేకలేస్తుంటే పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చింది.

"ఎవరమ్మా, మీ ఆయన వైపు చుట్టాలా?"

"అలాంటివాళ్ళే. లెక్కపెట్టలేనంతమంది" అన్నాను.

పాపమని ఆవిడ రెండు పరుపులు అరువిచ్చింది.

ఇంట్లోనూ అంతే. నేను తోడు వేయడం మరిచిపోతే నన్నొదిలేసి పాలగిన్నె మీద విరుచుకుపడేవారు. "పాలు పోసి పెంచితే ఇదా మీ విశ్వాసం?"

ఒకరోజు పెద్ద డైరెక్టరుగారు ల్యాబుకొస్తున్నారన్నారు. ఎంజైము పనిచేస్తే సరి, లేకపోతే ఆ విభాగం మూసేస్తారు. ఇంట్లోవాళ్ళూ చూడొచ్చంటే నేనూ వెళ్ళాను.

లోపలికెళ్ళగానే మా ఆయన సీసాలు పెట్టిన వెచ్చని పెట్టె వైపు చూసి ఆగిపోయారు. ఎంజైముకు పెట్టాల్సిన వేడి బాక్టీరియాకు పెట్టేసి ఉంది. అవన్నీ ఉడికి చచ్చాయి. పక్కనే కొత్త సహాయకురాలు, చంటిబిడ్డ తల్లి, నిలబడే తూగుతోంది. ఈయన చడీచప్పుడూ లేకుండా మీట వెనక్కి తిప్పేసి, ఒక్కసారి గొంతెత్తారు.

"చచ్చారా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జాతని తెలుసుగానీ, ఇంతకు తెగిస్తారనుకోలేదు!"

అప్పుడే అడుగుపెట్టిన డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "ఎవరి పొరపాటండీ?"

"ఇంకెవరిదండీ, వీటిదే! పోయేముందు కాస్త పనైనా ఏడ్చాయేమో చూద్దాం."

సీసాలో ద్రవాన్ని వేడివేడి గడ్డిగుజ్జులో పోశారు. కాసేపయ్యాక, చక్కెరను పట్టి చూపించే కాగితం ముంచారు. రంగు మారింది! చచ్చిన బాక్టీరియా పగిలి ఎంజైము బయటికొచ్చిందట. దానికి ఆ వేడి ఓ లెక్కే కాలేదట.

"ఇంత వేడికీ ఆగిందా! భేష్. పని ఆపకండి" అన్నారు డైరెక్టరుగారు.

మా ఆయన సీసా వైపు తిరిగి పళ్ళు నూరారు. "చచ్చి సాధించారు కదరా!"

వెళ్ళేటప్పుడు వరండాలో ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆ వేడి పెట్టింది నేనేనండీ. సార్‌కి తెలీదు."

దారిలో ఆయన్ని నిలదీశాను. "మీకు తెలుసు కదూ?"

"ఆ పిల్ల కళ్ళు చూశావా? కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళైందో. అందరి ముందూ ఒక్క మాటంటే అక్కడే కుప్పకూలిపోదూ?"

"అందుకని చచ్చినవాటినా అన్ని తిట్లు?"

"వచ్చిన కోపం ఎక్కడో దించుకోవాలి కదే! వాటికైతే చెవులుండవు."

అంతలో ఎదురుగా సిగ్నల్ దగ్గర ఎర్రదీపం వెలిగింది. ఆయన దాని వంశమంతా దులిపేశారు.