మంచినీళ్ళు తాగిన గోడలు

మా ఫ్లాటు కిటికీకి ఎదురుగా ఇంకో నాలుగంతస్తుల భవనం లేస్తోంది. సాయంత్రం నేను టైల్స్ షాపు నుంచి తిరిగొచ్చే వేళకి ఎవరో ఒకరు పైపు పట్టుకుని, పగలంతా ఎండకి కాలిన గోడల మీద నీళ్ళు కొడుతుంటారు. ఆ నీళ్ళు తగలగానే గోడలోంచి ఒక వాసన లేస్తుంది, కొంచెం ఇసుక, కొంచెం సున్నం, కొంచెం కాలిన రాయి కలిసినట్టుండే వాసన. తొలకరికి తడిసిన మట్టి వాసన గురించి పుస్తకాల్లో చాలా చదివాను కానీ, తడిసిన సిమెంటు వాసన గురించి ఎవరూ రాయగా చూడలేదు. నేను పుట్టి పెరిగింది అందులోనే కాబట్టి ఆ పని నేనే చేస్తాను.

ఒమాన్‌లో బాతినా తీరం వెంట ఉన్న ఖబూరాలో, హైవేకి కొండల వైపున, మాకు సిమెంటు బ్లాకుల యార్డు ఉండేది. మా తాతగారు కాకినాడ దగ్గరి పల్లె నుంచి తాపీపనికి ఇక్కడికి వచ్చారు. ఆయన పనితనం చూసి ముచ్చటపడిన ఒక ఒమానీ పెద్దమనిషి తన నేల ఇచ్చి, లైసెన్సు తన పేరు మీద తీయిస్తే, దుబాయ్ నుంచి ఒక పాత మిషను లారీలో తెచ్చుకుని తాతగారు ఆ యార్డు పెట్టారు. ఆ పెద్దమనిషిని మేమంతా అర్బాబు అనేవాళ్ళం. ఇక్కడ యజమానిని అలాగే అంటారు. తాతగారి తర్వాత యార్డు నాన్న చేతికొచ్చింది. ఇప్పుడా యార్డు లేదు, అందులోనే ఉండే మా పెద్ద ఇల్లు లేదు, ఇంటి ముందు నిలబడే రెండు కార్లూ లేవు. నేను ఇంకొకరి షాపులో టైల్స్ అమ్ముతాను. చితికిన కుటుంబమని ఎవరైనా జాలిపడబోతే నేను మాట మార్చను. కూర్చోబెట్టి మొత్తం చెబుతాను.

నా చిన్నప్పుడు ఊరంతా హైవేకి సముద్రం వైపునే ఉండేది. అటు చేపల పడవలు, ఖర్జూరం తోటలు, నిమ్మ చెట్లు, మామిడి చెట్లు, పశువుల కోసం పెంచే పచ్చగడ్డి మళ్ళు. ఇటు కంకర నేల, తుమ్మ చెట్లు, వాటి కింద మేకలు, దూరంగా నీలంగా కొండలు. ఒకరోజు ఆ కంకర నేల మీదికి జీపుల్లో మనుషులొచ్చి సున్నంతో గీతలు గీసి, మూలమూలకీ ఎర్రరంగు పూసిన రాళ్ళు పాతి వెళ్ళారు. ఊళ్ళో కుర్రాళ్ళకి పెళ్ళిళ్ళవుతున్నాయని, వాళ్ళందరికీ ప్రభుత్వం ఇళ్ళ స్థలాలు ఇస్తోందని నాన్న చెప్పారు. నేనూ, అర్బాబు మనవరాళ్ళూ ఆ గీతల మీద తొక్కుడుబిళ్ళ ఆడాం. ఒక్కో ఇంటి స్థలం ఒక్కో గడి. అంత పెద్ద గడి ఒంటికాలి మీద దాటేసరికి ఆయాసం వచ్చేది. చలికాలం వచ్చేనాటికి మా గడుల్లో పునాదులు లేచాయి; మేం ఆట ఇంకొంచెం కొండల వైపు జరుపుకున్నాం. మరుసటి ఏడాది అక్కడా గోడలొచ్చాయి. వెనకాలే కరెంటు స్తంభాలు, మసీదు, బడి, తారు రోడ్డు, ఆ రోడ్డు మీద మొదటి స్పీడ్ బ్రేకరు. కొత్త తారు మీద చెప్పులు విప్పి నడవాలని పందెం వేసుకుని అరికాళ్ళు కాల్చుకున్నది మేమే.

సాయంత్రాలు నానమ్మ మేడ మీద కుర్చీ వేయించుకుని కూర్చునేది. దీపాలు ఏటికేడు కొండల వైపు పాకుతుంటే, పొలంలో నారు ఎదగడం చూస్తున్న రైతులా చూసేది. "అయ్యన్నీ మన గోడలేనే," అనేది నాతో. ఎవరింటికి పిలిచినా, ఒమానీల ఇళ్ళల్లో పెళ్ళయినా, కూర్చోబోయే ముందు గోడని రెండు వేళ్ళ కణుపులతో ఠక్‌మని కొట్టి, చెవి అటు పెట్టి, తృప్తిగా తలాడించేది. ఒకసారి కొత్తగా వచ్చిన కేరళ డాక్టరు గారింట్లో అలా కొడితే ఆవిడ ఎవరో వచ్చారనుకుని తలుపు తీయబోయింది. "లోపలికొచ్చేశానమ్మా. గోడని పలకరిస్తన్నాను," అంది నానమ్మ.

మా మిషను నేల మీద మెల్లగా కదులుతూ, కోడి గుడ్లు పెట్టినట్టు, వెనకాల వరుసగా పచ్చి బ్లాకులు దించుకుంటూ పోయేది. పనివాళ్ళు వాటిని ఇక్కడి మాటలో తాబూక్‌లు అనేవారు. అందరూ జగిత్యాల వైపు వాళ్ళు. వాళ్ళకి మేస్త్రీ మల్లేశం. దసరా రోజు డ్యూటీ ఉండేది కాదు. మిషనుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అర్బాబు తోటలోంచి తెచ్చిన మామిడాకులు కట్టేవాళ్ళం. అమ్మ గంగాళం నిండా పులిహోర కలిపేది, మల్లేశం వాళ్ళు మటన్ వండేవాళ్ళు, రెండు వాసనలూ యార్డు మధ్యలో కలుసుకునేవి. అర్బాబు సరిగ్గా భోజనాల వేళకి, ఏదో పనున్నట్టు వచ్చేవాడు. మిషను వైపు చూడనట్టే చూసి, పులిహోర రెండోసారి వేయించుకుని, పల్లీలు ఏరుకు తిని వెళ్ళేవాడు. రంజాన్ పండక్కి ఆయనింటి నుంచి హల్వా, ఖర్జూరాలు వచ్చేవి. ఉగాదికి వేపపువ్వు మా రోడ్డు పక్క చెట్లదే, మామిడికాయ అర్బాబు తోటదే. పచ్చడి అంతా ఈ నేలదేనని నానమ్మ అందరికీ చెప్పుకునేది.

అయితే మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద సంగతి నీళ్ళు. ఊళ్ళో బావులన్నీ ఒకప్పుడు మంచినీళ్ళవే. మనుషులు పెరిగి, మోటార్లు పెరిగి, తోడిన కొద్దీ సముద్రం నేల కిందినుంచి లోపలికొచ్చింది. మా యార్డు బావి నా ఊహ తెలిసేనాటికే ఉప్పు. మంచినీళ్ళు కొండల దగ్గరి నుంచి ట్యాంకర్లలో వచ్చేవి. నీలం ట్యాంకరు మంచినీళ్ళది, పసుపు ట్యాంకరు మురుగునీళ్ళు ఎత్తుకుపోయేది. మలుపులో చప్పుడు వినగానే ఏ రంగో చెప్పాలి, తప్పితే వీపు మీద ఒక చరుపు. అదీ మా ఆట.

బ్లాకులు కలపడానికీ, ఆ తర్వాత రోజుల తరబడి గోనెసంచులు కప్పి తడపడానికీ చాలా నీళ్ళు కావాలి. ఉప్పునీళ్ళతో చేసినా బ్లాకు బ్లాకులాగే ఉంటుంది. కొన్నాళ్ళకి గోడలోంచి తెల్లగా ఉప్పు పూస్తుంది, రంగు ఉబ్బుతుంది, ప్లాస్టరు పొరలుగా రాలుతుంది. మా యార్డులో తాతగారి నాటి నుంచీ ఒకటే మాట: బ్లాకుకి మంచినీళ్ళే. తడిపే రోజుల్లో ఒక్కటి తగ్గినా ఆ వరుసని గేటు దాటనిచ్చేవారు కాదు.

ఒక ఏడాది వేసవి నాకు బాగా గుర్తు. గాలిలో తేమ చేతికి అంటుకునేంతగా ఉంది. హైవే పక్కన మస్కట్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు వరుసగా విల్లాలు కడుతూ, బ్లాకులు మమ్మల్ని అడిగాడు. యార్డు పుట్టాక అంత పెద్ద పని మాకు రాలేదు. ఆ పని చేస్తే రెండో మిషను కొనచ్చు. చెయ్యకపోతే, కొత్తగా పెట్టిన పెద్ద ఫ్యాక్టరీ ఆ పనితో పాటు మిగతా వాటినీ పట్టుకుపోతుంది. ఆ సంగతి యార్డులో అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే ట్యాంకర్లు, ఎప్పుడో ఒకటి తప్ప, రావడం మానేశాయి. కొత్త ఇళ్ళన్నిటికీ నీళ్ళు కావాలి, పైపులైన్లు ఇంకా పడలేదు, నీళ్ళు నింపే చోట ట్యాంకర్లు రోడ్డు పొడుగునా బారులు తీరాయి. మా గోడలతో పెరిగిన ఊరే మా నీళ్ళు తాగేస్తోంది.

మల్లేశం తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. "సేటు, అందరు బాయి నీళ్ళే పోస్తున్నరు. మనమొక్కలమే మడిగట్టుకొని కూసుంటే మన తాబూక్‌లు ఎవలు కొంటరు?"

"నీళ్ళెక్కడున్నాయో చెప్పరా ముందు. మడి సంగతి తర్వాత చూద్దాం," అన్నారు నాన్న.

నీళ్ళు మా మేడ మీద ఉన్నాయి. ఇంటి వాడకానికి నింపుకున్న తొట్టె. నాన్న దానికి పైపు పెట్టించి యార్డులోకి వదిలారు. ఆ వేసవంతా ఇంటికి దొరికిన ప్రతి ట్యాంకరూ బ్లాకుల మీదికే పోయింది. తాగడానికి బాటిళ్ళు కొన్నాం. మిగతా అన్నిటికీ బావి నీళ్ళు. సబ్బు నురగ వచ్చేది కాదు, ఆరిన చేతుల మీద తెల్లటి చారలు తేలేవి, జుట్టు కొబ్బరి పీచులా నిలబడేది. స్కూలు బస్సులో నా వెనక సీటు పిల్ల నా జడ మీద చెయ్యి వేసి, చీపురా అని అడిగింది. అమ్మ జుట్టయితే దువ్వెన నిండా ఊడొచ్చేది. ఆ దువ్వెన తెచ్చి నాన్న ముందు పెట్టింది.

"బ్లాకులకి మంచినీళ్ళు, మనకి ఉప్పునీళ్ళు. వచ్చే జన్మలో మీ యార్డులో బ్లాకునై పుడతానండీ."

"ఈ ఒక్క ఎండాకాలం ఓర్చుకోవే," అన్నారు నాన్న, దువ్వెన వైపు చూడకుండా.

అయినా చాలలేదు. ఇచ్చిన గడువుకి యార్డులో సగం వరుసలు ఇంకా గోనెల కిందే ఉన్నాయి. కాంట్రాక్టరు వచ్చాడు. కారు దిగలేదు, అద్దం మాత్రం దించాడు. ఉన్నవి ఉన్నట్టు ఎక్కించమని, మిగతావి బావి నీళ్ళతో కానిచ్చెయ్యమని హిందీలో అన్నాడు. "ప్లాస్టరు వేస్తాం, రంగు వేస్తాం. లోపలేముందో ఎవడు చూస్తాడు భాయ్?"

"నేను చూశాను కదండీ," అన్నారు నాన్న.

అద్దం పైకి లేచింది. అతను ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అతని వెనకాల మిగతావాళ్ళూ వెళ్ళారు. ఫ్యాక్టరీ బ్లాకులు త్వరగా వచ్చేవి, చౌకగా వచ్చేవి. వాళ్ళు ఏ నీళ్ళు వాడారో నాకు తెలియదు, తెలియని మాట అనను. ఆ విల్లాలన్నీ ఈ రోజుకీ నిలబడే ఉన్నాయి.

మరో రెండు చలికాలాలు యార్డు ఈడ్చుకొచ్చింది. ఒక సాయంత్రం అర్బాబు కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాలు పట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు. చాలాసేపు చిన్న గిన్నెల్లో కాఫీ వంచుతూనే ఉన్నాడు. "మీ నాన్న వచ్చిన రోజుల్లో ఇక్కడ మేకలు కూడా నిలిచేవి కావు. ఈ నేలకి విలువ తెచ్చింది మీ బ్లాకులే. ఇప్పుడు ఆ విలువే నా కొడుకుల కళ్ళల్లో పడింది, ఫ్లాట్లు కడతామంటున్నారు. నేను ముసలివాణ్ణి, నా మాట ఎంతవరకు సాగుతుంది?"

నాన్న నిటారుగా కూర్చునే ఉన్నారు. "మీ నేల, మీ ఇష్టం అర్బాబ్. యార్డులో పచ్చి బ్లాకులున్నాయి. వాటికి నీళ్ళు పట్టడం పూర్తయ్యేదాకా ఆగండి."

అర్బాబు తలవంచుకుని, ఆగుతానన్నాడు. కొనేవాడు లేని ఆ బ్లాకులని నాన్న చివరి రోజు దాకా పొద్దునా సాయంత్రం తడిపించారు. మిషను అప్పటికే అమ్ముడుపోయింది, పనివాళ్ళు సగంమంది షినాస్‌కీ రుస్తాఖ్‌కీ వేరే సైట్లకి వెళ్ళిపోయారు. ఆఖరికి ఆ బ్లాకులతో మల్లేశం హైవే అవతల అర్బాబు తోటకి ప్రహరీ కట్టాడు. తోట గోడకి ప్లాస్టరు ఎందుకని అలాగే వదిలేశారు. అందుకని ఈ ఊళ్ళో మా బ్లాకులు బయటికి కనిపించే గోడ అదొక్కటే. నాన్న తర్వాత ఒక కంపెనీలో స్టోర్‌కీపరుగా చేశారు. ఆ ఉద్యోగానికి కూడా ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు లేకుండా వెళ్ళలేదు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. సోహార్‌లో దహనం చేశాం. అమ్మా నేనూ ఇప్పుడు అద్దెకుంటున్నది యార్డు స్థలంలో లేచిన ఫ్లాట్లలోనే. కుళాయి తిప్పితే మంచినీళ్ళు. నీలం ట్యాంకర్లు కనిపించడమే అరుదు. తొక్కుడుబిళ్ళ ఆడిన చోట రౌండబౌటు, మేకలు నిలిచేవి కావని అర్బాబు అన్న చోట కార్లు పెట్టడానికి స్థలం దొరకని సూపర్ మార్కెట్టు. ఈ వీధుల్లో ఏ గోడ మాదో నేను చెప్పలేను, అన్నిటి మీదా ప్లాస్టరూ రంగూ ఉన్నాయి. చాలావరకు మావేనన్నది మాత్రం నాకు తెలుసు. నడిచేటప్పుడు నా నడకలో అది ఉంటుంది.

పోయిన నెల హైవే పక్క రోడ్డు వెడల్పు చేస్తూ ఆ తోట ప్రహరీ పడగొట్టారు. షాపుకి సెలవు పెట్టి వెళ్ళాను. ఎంతోసేపు పట్టలేదు; జేసీబీ ముందు ఏ గోడైనా ఒకటే. దుమ్ము అణిగాక విరిగిన ముక్కల మధ్యకి దిగి, ఒక్కొక్కటీ తిప్పి చూడటం మొదలుపెట్టాను. డ్రైవరు ఇంజను ఆపాడు. నన్ను చూసి తెలుగుదాన్నని పోల్చుకున్నట్టున్నాడు.

"అక్కా, ఏమన్న పోగొట్టుకున్నవా? గట్ల ఎతుకుతున్నవు."

"ఏమీ పోలేదు తమ్ముడూ. చూస్తున్నాను."

"రాళ్ళల్ల ఏం జూస్తవు? జర అవుతలికి జరుగు, ఇంకో రెండు ట్రిప్పులు ఎత్తాలె."

పక్కకి జరిగి, అతను మళ్ళీ ఇంజను స్టార్ట్ చేసేలోపు చేతికందినన్ని చూశాను. విరిగిన చోటల్లా ఒకే బూడిద రంగు, అంచు నుంచి లోపలిదాకా.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో వంజరం చేప ముక్కలు కడుగుతోంది. నా చీర కుచ్చిళ్ళకి అంటిన దుమ్ము చూసి ఎక్కడి నుంచి వస్తున్నానో అడగలేదు.

"ఉప్పుందా?" అంది.

"లేదమ్మా. ఎక్కడా లేదు."

"ఎందుకుంటుంది?" అంది అమ్మ, కుళాయి కట్టేస్తూ. "ఆ ఉప్పంతా మన నెత్తినే పోసుకున్నాంగా."