నీళ్లలో నాలుగో గేరు

ఒక కారుని, ఒక ఉద్యోగాన్ని, ఆడపడుచుతో నాకున్న స్నేహాన్ని ఒక్క పొద్దుటి పూటే ముంచబోయిన ఘనత నాది. అతిశయోక్తి అనుకోకండి, నీళ్లు నిజం నీళ్లే.

అప్పటికి నాకు లైసెన్సు వచ్చి పదకొండు రోజులు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డ్రైవరు గేరెరగడు. మా ఆడపడుచు సునీతకి బందరులో నర్సు ఉద్యోగానికి పదింటికి ఇంటర్వ్యూ. రెండేళ్లుగా ఎదురుచూసిన పిలుపు. బయట కుండపోత వాన.

"బస్సులో వెళ్తాలే వదినా" అంది పాపం.

"కారుండగా బస్సేమిటి!" అన్నాను, కారు నేనే కనిపెట్టినట్టు.

చల్లపల్లి దాటాక పొలాల నీళ్లు రోడ్డెక్కి పారుతున్నాయి. ఆటోలన్నీ ఆగిపోయాయి. పక్కన ట్రాక్టరు మీద కూర్చున్న పెద్దాయన కేకేశాడు.

"వెళ్లకుండా ఉంటేనే మంచిదమ్మా! తప్పదంటే మొదటి గేరులోనే వెళ్లండి. మధ్యలో మార్చకండి. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకండి."

పెళ్లిపీటల మీద మంత్రాలకి తలూపినట్టు ఊపి, కారు దింపాను. సగం దూరం బ్రహ్మాండంగా సాగింది. ఇంజను మాత్రం ఒకటే గోల.

"అలా అరుస్తోందేంటి వదినా?"

"రెండో గేరు అడుగుతోందమ్మా" అన్నాను, నాడి చూసిన వైద్యురాలిలా.

క్లచ్ తొక్కాను, యాక్సిలరేటరు వదిలాను, గేరు వెనక్కి లాగాను. రెండు అనుకున్నది నాలుగు పడింది. కారు రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది.

"వదినా, నా కాళ్లు తడుస్తున్నాయి."

"ఏసీ నీళ్లేమోలే."

"ఏసీలో చేపపిల్లలుంటాయా?"

నేను తాళం మీద చెయ్యి వేశాను. "స్టార్ట్ చెయ్యకండీ! ఇంజనులోకి నీళ్లు పోతే బండి పోయినట్టే!" అని అరుస్తూ పెద్దాయన ట్రాక్టరు తోలుకొచ్చి, మా ముందు ఆపి, తాడు కట్టాడు. ట్రాక్టరు గర్జించింది. కారు కదిలితే ఒట్టు.

"హ్యాండ్ బ్రేకు గానీ వేశారా అమ్మా?"

"కొట్టుకుపోతామేమోనని వేశానండీ."

ఆయన కాసేపు ఆకాశం వైపు చూశాడు. దేవుడికి ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు.

అవతలి గట్టుకి చేరేసరికి తొమ్మిది దాటింది. సునీత చీర మోకాళ్ల దాకా బురద. సర్టిఫికెట్ల ఫైలు గుండెలకి హత్తుకుని, రెండో చేత్తో కుచ్చిళ్లు పిండుకుంటోంది. తిట్టినా బాగుండేది. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

"మీరేడిస్తే ఇంకాస్త నీళ్లు పెరుగుతాయి" అని, పెద్దాయన నీళ్లు చూసి మళ్లీ బందరు వైపే వెనక్కి తిరుగుతున్న బస్సుని చెయ్యెత్తి ఆపి, సునీతని ఎక్కించాడు. నేను కారుకి కాపలాగా మిగిలాను.

మూడింటికి సునీత ఫోన్ చేసింది.

"ఏమయిందే?"

"అనుకోని ఆపద వస్తే కంగారు పడకుండా ఉండగలవా అనడిగారు వదినా."

"నువ్వేమన్నావు?"

"ఉండగలనండీ, పొద్దున మా వదిన కారులో బయల్దేరాను, అని జరిగిందంతా చెప్పాను. అందరూ ఒకటే నవ్వు. సోమవారం నుంచి రమ్మన్నారు!"

కాబట్టి పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా నీటి సాక్షిగా, ప్రతిజ్ఞ చేస్తున్నాను: రోడ్డు మీద పారే నీళ్లు కనిపిస్తే కారు వెనక్కి తిప్పుతాను, ఇంటికొచ్చి పెసరట్లు వేసుకుంటాను. పొయ్యికి గేర్లుండవు.